ప్లాంట్‌లో అలారం మోగింది... తప్పు మాత్రం ఇంటిది!

ఈరోజు కథ ఒక అలారంతో మొదలవుతుంది.

1984 డిసెంబర్. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, లిమరిక్ అణు విద్యుత్ కేంద్రం. అక్కడి ఇంజినీర్ స్టాన్లీ వాట్రాస్ రేడియేషన్ చెక్ చేసే మిషన్ దగ్గర నిలబడితే చాలు, అలారం మోగిపోయేది. వింత ఏంటంటే, ఆ ప్లాంట్‌లో అప్పటికి కరెంటు ఉత్పత్తే మొదలవ్వలేదు. మరి రేడియేషన్ ఎక్కడిది?

ఒకరోజు ఆయన లోపలికి రాగానే, పని జోలికి పోకుండా నేరుగా ఆ మిషన్ దగ్గరికే వెళ్లాడు. మోగింది! అంటే ప్లాంట్ నుంచి ఇంటికి కాదు, ఇంటి నుంచే ప్లాంట్‌కి మోసుకొస్తున్నాడన్నమాట.

ఇంట్లో కొలిస్తే లీటరు గాలికి సుమారు 2,700 పీకో క్యూరీలు! 4 ఉంటేనే ఇల్లు బాగు చేయించుకోమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. అంటే 600 రెట్ల పైనే. 1985 జనవరిలో ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది.

దోషి ఎవరో తెలుసా? నేల. మట్టిలో, రాళ్లలో ఉండే యురేనియం మెల్లగా రేడియంగా, అది రేడాన్ గ్యాస్‌గా మారుతుంది. పునాది పగుళ్లలోంచి ఇంట్లోకి దూరుతుంది. రంగు లేదు, వాసన లేదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్. అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది దీనివల్ల చనిపోతున్నారని ఈపీఏ అంచనా.

ఇంకో షాక్: వాట్రాస్ పక్కింట్లో కొలిస్తే, సమస్యే లేదు!

ఆ తర్వాత కదలిక వచ్చింది. 1986లో ఈపీఏ జనం కోసం ఒక గైడ్ వేసింది. 1988లో చట్టం వచ్చింది, ఇళ్లు టెస్ట్ చేసుకోండని ప్రచారం మొదలైంది. అయినా చాలామంది పట్టించుకోలేదు. ఎందుకంటే తిట్టడానికి ఇక్కడ ఒక ఫ్యాక్టరీ లేదు, ఈరోజు దగ్గు కూడా రాదు. కనిపించని దానికి భయపడటం మనకి చేతకాదు.

మా బావ కూడా అంతే. అక్కావాళ్ల ఇల్లు న్యూజెర్సీలో. బావ ఆఫీస్ పనంతా బేస్‌మెంట్‌లోనే. రేడాన్ టెస్ట్ చేయించారా అని అడిగితే, "పక్కింటోళ్లకి ఏం లేదంటరా" అన్నాడు. వాట్రాస్ కథ మొత్తం చెప్పాను. కిట్ తెప్పించాడు. రిజల్ట్ 9.

భయపడాల్సిన పని లేదు. ఫ్లోర్ కింద నుంచి పైకప్పు మీదకి ఒక పైపు, దానికో ఫ్యాన్. గ్యాస్ ఇంట్లోకి రాకుండా బయటికి పోతుంది. మళ్లీ టెస్ట్ చేస్తే 2 కన్నా తక్కువ వచ్చింది.

టెస్ట్ కూడా సింపులే. తలుపులు, కిటికీలు మూసి, మీరు వాడే కింది అంతస్తులో కిట్‌ని కనీసం రెండు రోజులు ఉంచి ల్యాబ్‌కి పంపాలి.

వాట్రాస్‌కి చెప్పడానికి ఒక అలారం ఉంది. మన ఇళ్లలో అదీ లేదు. అమెరికాలో మీ అక్కో, బాబాయో ఉంటే ఈరోజే ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "మీ ఇంట్లో రేడాన్ ఎంత?"

మళ్లీ కలుద్దాం. బై!