లండన్‌లో భారతీయ విద్యార్థుల బస

పంతొమ్మిదో శతాబ్దం చివర చదువుకోసం ఇంగ్లండు వెళ్లిన భారతీయుల్లో బారిస్టరు కావాలని వెళ్లినవారు చాలామంది. కేంబ్రిడ్జి వంటి చోట్ల చేరినవారికి కాలేజీ ద్వారా బస కుదిరేది. నిజాం ఇచ్చిన విద్యార్థివేతనంతో 1895లో హైదరాబాదు నుంచి వెళ్లిన సరోజినీ చట్టోపాధ్యాయ (తరువాత సరోజినీ నాయుడు) గిర్టన్ కాలేజీలో అలాగే ఉన్నారు. లండన్‌లో లా చదివేవారికి ఆ వెసులుబాటు లేదు. ఇన్ అనే న్యాయవాద సంఘంలో చేరి, ప్రతి టర్ములో లెక్క ప్రకారం విందులకు హాజరై, పరీక్షలు రాయాలి. రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో మాత్రం ఎవరిది వారే చూసుకోవాలి.

అలాంటివారికి దిక్కు అద్దె గదులే. బేస్‌వాటర్, బ్లూమ్స్‌బరీ, వెస్ట్ కెన్సింగ్టన్ పేటల్లో వితంతువులు, చిన్న ఆదాయంతో నెట్టుకొచ్చే కుటుంబాలు ఒకటి రెండు గదులు అద్దెకిచ్చి, భోజనం కూడా పెట్టేవారు. 1888లో లండన్ చేరిన గాంధీ మొదట విక్టోరియా హోటల్లో దిగి, అక్కడి బిల్లు చూసి నివ్వెరపోయారు. ఇంగ్లీషు మర్యాదలు తెలియాలంటే ఒక కుటుంబంతో ఉండాలని మిత్రుడు ప్రాణజీవన్ మెహతా సలహా ఇచ్చారు. ఆ మాట మీద వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట చేరారు. మాంసం ముట్టని కుర్రవాడికి ఏం వండాలో ఆ ఇంటావిడకు తెలియలేదు. ఆమె కూతుళ్లు రొట్టెముక్క ఒకటి అదనంగా వడ్డించినా ఆకలి తీరేది కాదు. చివరికి ఒంటిగది తీసుకుని, స్టవ్ కొనుక్కుని, ఓట్స్ గంజి, కోకో తానే కాచుకుని రోజుకు షిల్లింగు మూడు పెన్నీలతో గడిపారు. పరాయి ఊళ్లో బస అంటే సగం తిండి సంగతేనని ఆయన అనుభవం చెబుతుంది.

విద్యార్థులకు సొంత ఇల్లంటూ ఏర్పడింది 1905లో. శ్యామ్‌జీ కృష్ణవర్మ హైగేట్‌లోని 65, క్రామ్‌వెల్ అవెన్యూలో ఇండియా హౌస్ నెలకొల్పారు. జులై 1న సోషలిస్టు నాయకుడు హైండ్‌మన్ దాన్ని ప్రారంభించారు. సుమారు 25 మందికి చోటు, గ్రంథాలయం, ఉపన్యాసాల గది ఉండేవి. అది హాస్టల్ మాత్రమే కాదు, స్వరాజ్య భావాలకు బడి కూడా. కృష్ణవర్మ ప్రకటించిన విద్యార్థివేతనాలకు, తీసుకున్నవారు బ్రిటిష్ సర్కారు కొలువులో చేరకూడదని షరతు ఉండేది. 1906లో సావర్కర్ అక్కడ చేరారు. పోలీసుల నిఘా పెరగడంతో 1907లో కృష్ణవర్మ పారిస్ వెళ్లిపోయారు.

అదే ఏడాది విద్యార్థుల స్థితిగతులపై విచారణకు ప్రభుత్వం లీ-వార్నర్ అధ్యక్షతన కమిటీ వేసింది. అందులో ఒక సభ్యుడు కర్జన్ వైలీ. 1909 జులై 1న, నేషనల్ ఇండియన్ అసోసియేషన్ విందు సభలో ఆయనను ఇండియా హౌస్‌తో సంబంధమున్న విద్యార్థి మదన్‌లాల్ ఢింగ్రా కాల్చి చంపాడు. ఆ తరువాత ఇండియా హౌస్ నిలవలేదు. 1910లో 21, క్రామ్‌వెల్ రోడ్డులో సర్కారు అండతో మరో ఇల్లు తెరుచుకుంది. విద్యార్థులకు సమాచారం ఇచ్చే కార్యాలయం, కొత్తగా దిగినవారికి కొద్ది రోజులు ఉండేందుకు కొన్ని గదులు అందులో ఉండేవి. గదులు పనికొచ్చేవే, కానీ దాని మీద నమ్మకం కుదరలేదు. అక్కడి మాటలు పైవారి చెవిన పడతాయన్న అనుమానం చాలామందిని దూరంగా ఉంచింది. సాయం, నిఘా ఒకే గుమ్మంలో కలిసి ఉన్నప్పుడు ఆ అనుమానం సహజమే.

ఆ లోటును చాలావరకు తీర్చింది ఇండియన్ వైఎంసీఏ. 1920లో వైఎంసీఏ నాయకుడు కె.టి. పాల్ చొరవతో, యుద్ధకాలంలో సైనికుల కోసం కట్టిన షేక్‌స్పియర్ హట్‌లో అది మొదలైంది. 1923లో గోవర్ స్ట్రీట్‌కు మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ భవనం బాంబు దాడిలో దెబ్బతింది. యుద్ధం తరువాత ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లో, రాల్ఫ్ టబ్స్ రూపొందించిన కొత్త భవనంలో అది స్థిరపడింది. పశ్చిమ ఆఫ్రికా విద్యార్థుల సంఘం కూడా 1933లో క్యామ్‌డెన్‌లో సొంత హాస్టల్ తెరిచింది.

సొంత హాస్టళ్ల అవసరం ఎందుకు వచ్చిందంటే, గది ఖాళీగా ఉందని బోర్డు చూసి తలుపు తట్టినవారికి రంగు చూడగానే లేదని చెప్పేవారు. నల్లజాతివారికి, ఆసియావారికి ఇవ్వబోమని ప్రకటనల్లోనే రాసినవారూ ఉన్నారు. 1965 జాతి సంబంధాల చట్టం హోటళ్లు, రవాణా వంటి బహిరంగ చోట్లనే చూసింది. ఇళ్లు అద్దెకివ్వడంలో వివక్షను నిషేధించింది 1968 చట్టం. అయితే యజమాని తానుంటున్న చిన్న ఇంట్లో గది అద్దెకిస్తే దానికి మినహాయింపు ఇచ్చింది. విద్యార్థులు ఎక్కువగా వెతుక్కునేది అలాంటి గదులనే.