1956 నాటి కాగితం

పటాన్‌చెరు దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో స్కాలర్‌షిప్పు సెక్షన్ నాది. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో, ప్రభుత్వమే ఫీజు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, షిఫ్టు దిగి యూనిఫారంతోనే కౌంటర్‌కు వచ్చే తండ్రులు పెరిగారు. 2012లో బీసీ, ఈబీసీ పిల్లలకు ఎంసెట్ ర్యాంకు పదివేలు దాటితే పూర్తి ఫీజు కాదు, 35 వేల రూపాయలే ఇస్తామన్నారు.

అసలు గుబులు 2014లో. తెలంగాణ వచ్చిన రెండు నెలలకే ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో ఫాస్ట్ పథకం ప్రకటించి, 1956 నవంబరు 1కి ముందునుంచీ ఇక్కడున్న కుటుంబాలకే అన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఫార్మా కంపెనీలో రియాక్టర్ల దగ్గర పనిచేసే ఒకాయన సర్వీసు సర్టిఫికెట్, గ్యాస్ బుక్కు, కొడుకు టెన్త్ మెమో బల్లమీద వరసగా పేర్చాడు. "సార్, వీడు పుట్టింది ఇక్కడే, రామచంద్రాపురంలోనే" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పుట్టి పెరిగిన ఊరు పిల్లవాడిదే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ 1956 నిబంధనకు హైకోర్టు అభ్యంతరం చెప్పింది. 2015 మొదట్లో ఫాస్ట్ రద్దయింది.

పాత పద్ధతే మిగిలింది: ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు, మీసేవ ఆదాయ ధ్రువపత్రం, 75 శాతం హాజరు. పట్టణాల్లో బీసీలకు ఆదాయ పరిమితి ఏడాదికి రెండు లక్షలు. తండ్రి ఓవర్‌టైమ్ చేసి ఆ గీత దాటితే పిల్లవాడి ఫీజు పోతుంది. ఆ పరిమితి పెంచాలి. ప్రభుత్వం కాలేజీలకు చెల్లించని ఫీజు బకాయిల కోసం కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపకూడదు.