ఊరూరి శిలలు - ఒక్క కవిలె

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ రజతోత్సవ సంచికకు నన్నును ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను. ఈ గ్రంథాలయపు బీరువాలలోని భారత భాగవతములే నాకు గురువులు. మా తాతగారు కరణీకము చేసిరి. ఆ పదవి 1984లో రద్దయినది గాని, వారు నాకు నేర్పిన మాట యొకటి నేటికిని నిలిచియున్నది: “పద్దున కెక్కని వస్తువు పోయినచో, పోయినదని చెప్పుటకైనను నోరుండదు.” ఈ మాటనే ఆధారముగా గొని, కృష్ణాతీరమునను దాని పొరుగునను గల చిన్న చిన్న పురావస్తు ప్రదర్శనశాలలు ఒకదానికొకటి ఏల తోడుపడవలయునో చరిత్రను బట్టి మనవి చేయుదును.

మొదట అమరావతి కథ. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచట నూతన నగరమును నిర్మించునపుడు దీపాలదిన్నెను త్రవ్వి అందలి రాళ్లను కట్టడములకు వాడిరి. అది మహాస్తూపమని నాడు తెలిసినవారు లేరు. కనుక వారిని నిందింప బనిలేదు. ఆ శతాబ్ది ముగియకముందే కాలిన్ మెకంజీ అచటికి వచ్చి చూచెను. 1816లో మరల వచ్చి, తన చిత్రకారులచే శిల్పములకు బొమ్మలు గీయించెను. పిదప కొన్ని ఫలకములు మచిలీపట్నమునకు పోయినవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించినవి మద్రాసు చేరినవి. అందు నూరుకు మించిన శిల్పములు 1859లో లండనునకు తరలినవి. 1877లో రాబర్ట్ స్యూయెల్, 1881-82లో జేమ్స్ బర్జెస్ మరల త్రవ్వించిరి. స్తూపము ఒక్కటే. నేడు దాని అవయవములు అమరావతిలో కొన్ని, చెన్నైలో కొన్ని, కలకత్తాలో కొన్ని, లండనులో కొన్ని.

ఇందు ఒక విశేషమును పాఠకులు గమనింపవలెను. మెకంజీ గీయించిన బొమ్మలలో కనబడు శిల్పములలో కొన్ని నేడెచ్చటను లేవు. రాయి పోయినది; దాని బొమ్మ మిగిలినది. శిల కంటె కాగితము మన్నినదన్న వింతగా తోచును గాని, లెక్కలు వ్రాయువానికి ఇది వింత కాదు. వ్రాసిపెట్టినదే మిగులును.

మెకంజీ దొరకు ఈ పనిలో కుడిభుజములైనవారు మన తెలుగువారు, కావలి సోదరులు. 1803లో మరణించిన బొఱ్ఱయ్యగారును, ఆయన తరువాత ఆ భారమును వహించిన లక్ష్మయ్యగారును ఎందరో సహాయకులను ఊరూరికి పంపి, స్థలపురాణములను, శాసనముల ప్రతులను, గ్రామచరిత్రములను సేకరింపజేసిరి. ఆ గ్రామచరిత్రములనే నేడు కైఫియత్తులని పిలుచుచున్నాము. వానిలో పెక్కింటికి మూలము ఊరి కరణముల కడనుండిన దండకవిలెలు. ఏ కరణము కాకరణము తన ఊరి కవిలెను పెట్టెలో దాచుకొనియే యుండినచో, ఆంధ్రదేశ చరిత్రలో ఎన్ని పుటలు వట్టివిగా నుండెడివో చెప్పలేము. అనేక గ్రామముల కవిలెలు ఒక్కచోటికి చేరినందుననే అవి దేశచరిత్రకు ఆధారములైనవి.

ఇక మన ప్రదర్శనశాలల సంగతి. అమరావతిలో స్తూప శిల్పములు కలవు. నాగార్జునకొండపై ఇక్ష్వాకుల నాటి శిల్పశాసనములు కలవు. ఘంటసాలలో ప్రాచీన రేవుపట్టణపు అవశేషములును, గుండ్లకమ్మ యొడ్డున చందవరములో బౌద్ధశిల్పములును కలవు. విజయవాడలో 1887లో, నాడు కృష్ణామండలపు కలెక్టరుగా నుండిన ఆ స్యూయెల్ దొరయే శంకుస్థాపన చేసిన విక్టోరియా జూబిలీ భవనము పిదప ప్రదర్శనశాలయై, నేడు బాపూ మ్యూజియమను పేర నున్నది. తుంగభద్ర యొడ్డున ఆలంపురములో చాళుక్యుల నాటి శిల్పములు కలవు. మెదకుసీమ కొండాపురములో శాతవాహనుల నాణెములు, మట్టిబొమ్మలు, పూసలు కలవు. వీనిలో కొన్ని కేంద్ర పురావస్తు శాఖవి, కొన్ని రాష్ట్రములవి. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట ఆ రాష్ట్రపు శాఖయు రెండైనది. ఏలుబడులు వేరైనవి గాని చరిత్ర వేరు కాలేదు. శాతవాహనుల నాణెమునకు మన సరిహద్దురాళ్లు తెలియవు.

ఒక్కొక్క ప్రదర్శనశాల తనంతట తాను పూర్ణము కాదనుటకు ఒక్క నిదర్శనము చాలును. నాగార్జునకొండలో క్రీ. శ. 3వ శతాబ్దినాటి ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమున బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనమున్నది. ఆమె రాణి కాదు; గృహస్థురాలు. తాను అచట కట్టించిన చైత్యగృహమును పేర్కొని, అంతటితో ఆగక, ఇతర స్థలములలో తాను చేసిన ధర్మకార్యములను గూడ వరుసగా చెప్పినది. అందు కంటకసేలలోని మహాచైత్యమునకు తూర్పువాకిట కట్టించిన శిలామండపము ఒకటి. ఆ కంటకసేలయే మన ఘంటసాల యని చరిత్రకారులు నిర్ణయించిరి. శాసనము కొండమీద నున్నది. అది చెప్పు చైత్యపు జాడ సముద్రపు దిక్కున నున్నది. కొండమీది శాసనమును మాత్రము చదివినవానికి ఘంటసాల ఒక పేరు. ఘంటసాల దిబ్బను మాత్రము చూచినవానికి అచట మండపము కట్టించిన యిల్లాలి పేరు తెలియదు. రెండును కలిసిననే ఆమె దానము మనకు అర్థమగును. పదునేడు శతాబ్దములకు పూర్వము ఒక యిల్లాలు ఇన్ని ఊళ్లను ఒక్క పద్దున చేర్చి వ్రాయించినది. ఆ పని నేడు మనవలన కాదా?

మన భారతమును చూడుడు. నన్నయభట్టు వేంగీశుని కొలువున ఆరంభించెను. తిక్కన సోమయాజి నెల్లూరిసీమవాడు. ఎఱ్ఱన అద్దంకి కొలువునకు చెందినవాడు. ముగ్గురి నడుమ తరములు గడచినవి. ఒకరినొకరు చూచినవారు కారు. ఐనను ఎఱ్ఱన, నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఆయన పేరుమీదనే పూరించి, తన పేరు మఱుగుపఱచుకొనెను. గ్రంథము ఒక్కటియైనది. సహకారమన నాకు తెలిసిన గొప్ప యుదాహరణము అదియే. నా యూరు గొప్ప, నీ యూరు గొప్ప యను వాదము దానిలో లేదు. పని పూర్తి కావలెనను తపనయే కలదు.

ఆపద వచ్చినపుడు మనవారు కలసి పనిచేయగలరని నాగార్జునకొండయే చాటినది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. లోయ మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున లోయనెల్ల త్రవ్వి పరిశీలించిరి. ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని కొండమీదికిని, కొన్నిటిని అనుపునకును తరలించి మరల నిలిపిరి. 1966లో కొండపై ప్రదర్శనశాల తెరవబడినది. శ్రీశైలము ఆనకట్ట కట్టినపుడు కూడవెల్లి సంగమేశ్వరాలయము సైతము అటులే ఆలంపురము చేరినది. నీరు వచ్చుచున్నదన్న భయము అందఱను కదలించినది. నీరు రానిచోట రాళ్లు మాత్రము మెల్లమెల్లగా, చడిచప్పుడు లేక పోవుచున్నవి.

దీనికి మా యింటి తప్పునే చెప్పుకొందును. నా యౌవనమున మా చెరువుగట్టున ఒక వీరగల్లు ఉండెడిది. కత్తి పట్టిన వీరుడు, పైన సూర్యచంద్రులు, క్రింద రెండుమూడు పంక్తుల వ్రాత. నాకు చదువవచ్చినంతవఱకు నోటుపుస్తకములో ఎక్కించుకొంటిని. రాతి కొలత వ్రాయలేదు, బొమ్మ గీయలేదు, అది యున్న చోటును సర్వే నంబరుతో గుర్తింపలేదు. పొలములకు కొలతలు వ్రాయువాడనయ్యు రాతికి వ్రాయనైతిని. కొన్నియేండ్లకు గట్టు మరమ్మతు జరిగినది. రాయి కనబడలేదు. మట్టిలో కలిసినదో, బండినెక్కినదో నేటికిని తెలియదు. విచారింపబోయిన, “ఏ రాయి? ఎంత రాయి?” అని యడిగిరి. నా వద్ద సమాధానము లేకపోయెను. ఆ నోటుపుస్తకము నేడు ఈ గ్రంథాలయముననే యున్నది. దానిని చూచినప్పుడెల్ల తాతగారి మాట జ్ఞప్తికి వచ్చి తల వంగును.

వ్రాసి, చిత్రించి యుంచినచో ఫలమెట్లుండునో చందవరపు శిల్పము చెప్పుచున్నది. అచట అపహరింపబడిన బౌద్ధశిల్ప మొకటి సముద్రములు దాటి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్ముడుపోయినది. అది మన దేశమున నుండినదని ఛాయాచిత్రముల సాక్ష్యము లభించుటచే, 2016లో వారు దానిని భారతదేశమునకు తిరిగి యప్పగించిరి. ఒక్క చిత్రము ఎవరో తీసియుంచినందున శిల్పము తిరిగివచ్చినది. చిత్రము లేని శిల్పముల గతి యేమి?

సహకారమునకు మార్గము మన గ్రంథాలయోద్యమము ఏనాడో చూపినది. 1914లో బెజవాడలో, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. అంతకుముందు ఏ యూరి గ్రంథాలయము ఆ యూరిదే. సంఘము ఏర్పడిన పిమ్మట ఒకరి అనుభవము ఇంకొకరికి పాఠమైనది. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. పుస్తకము పడవనెక్కి పాఠకుని వెదకికొని వచ్చినది. పుస్తకము రాగా, శిల్పపు నకలు రాలేదా? చిత్రపటము రాలేదా?

మూలశిల్పమును కదల్చుట ప్రమాదమందురు. నిజమే, జాగ్రత్త కావలెను. ఐనను 2023లో తెలంగాణలోని ఫణిగిరి శిల్పములు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో ప్రాచీన బౌద్ధశిల్ప ప్రదర్శనకు పోయినవి. ఒడంబడికయు, కొలతలును, చిత్రములును, బాధ్యత వహించువారును ఉన్నచో శిల కడలి దాటి పోవచ్చును. అట్టి పద్ధతి పొరుగూళ్ల నడుమ అసాధ్యము కానేరదు.

నాకు తోచిన పనులు మూడు. మొదటిది, ఈ ప్రదర్శనశాలలన్నిటికి ఒక్క ఉమ్మడి కవిలె: వస్తువు పేరు, దొరికిన చోటు, కొలత, చిత్రము, దానికి సంబంధించిన తునుక వేఱొకచోట నున్నచో ఆ వివరము. రెండవది, ఒకచోటి వస్తువుల చిత్రపటములను, నకళ్లను ఇంకొకచోటికి విడతలుగా పంపుట. కొండాపురపు నాణెముల చిత్రములు అమరావతి బడిపిల్లలు చూడవలెను, బోధిసిరి శాసనపు నకలు ఘంటసాలలో నిలువవలెను. మూడవది, ప్రదర్శనశాల లేని ఊళ్లలో గ్రంథాలయమే ఆ పని కొంత చేయుట. 1972 నాటి పురావస్తువుల చట్టము కొన్ని వస్తువుల నమోదును విధించినది. చట్టము చేయజాలని కాపలాను ఊరివారి కన్ను చేయగలదు.

ఈ మూడవది మన చేతిలోని పని. ఈ ఉత్సవసందర్భమున గ్రంథాలయమునకు ఒక క్రొత్త పుస్తకమును, గట్టి అట్టతో, పుటలకు వరుస సంఖ్యలు వేసి, నేను సమర్పించుచున్నాను. మన పొలిమేరలోని ప్రతి శాసనము, ప్రతి వీరగల్లు, ప్రతి పాతవిగ్రహము కొలతతోను, చోటుతోను అందు ఎక్కవలెను. మొదటి పుటలో పోయిన మా చెరువుగట్టు వీరగల్లునే వ్రాసితిని. దాని ఎదుట “ప్రస్తుత స్థితి” యను గడిలో “కనబడలేదు” అని వ్రాయునపుడు చేయి వణకినది. రెండవ పుట మొదలు ఆ మాట మరల వ్రాయు అవసరము కలుగకుండుగాక. పాఠక మహాశయులు తమ దొడ్డిలోనో, చేని గట్టుననో ఏ పాతరాయి యున్నను వచ్చి చెప్పిన చాలును. కొలబద్ద తీసికొని నేనే వత్తును.