తెలుగునాట మగపిల్లల పేర్లు

మగబిడ్డకు పేరు పెట్టేటప్పుడు ‘దాని అర్థమేమిటి’ అని అడగడం తెలుగునాట ఈమధ్య బలపడిన అలవాటు. అంతకుముందు ‘ఎవరి పేరు’ అని అడిగేవారు. తాత పేరా, ఇలవేల్పు పేరా, మొక్కుకున్న కొండమీది దేవుడి పేరా అన్నదే లెక్క.

ఈ పద్ధతి చాలా పాతది. శాతవాహన రాజులు గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అంటూ తల్లి పేరును తమ పేరుకు ముందు నిలుపుకున్నారు. 3వ శతాబ్దంలో కృష్ణాతీరాన విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకుల్లో శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువల శాంతమూలుడు. తాత పేరు మనవడికి వచ్చిందన్నమాట. కాకతీయుల వంశావళిలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది: బేతరాజు, ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు. బేత, ప్రోల దేశి పేర్లు. రుద్రుడు, మహాదేవుడు, గణపతిదేవుడు అనే సంస్కృత నామాలు ఆ తర్వాత వచ్చాయి. కొడుకులు లేని గణపతిదేవుడు కూతురికి రాజ్యం అప్పగించినప్పుడు శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజుగా, మగపేరుతోనే చెక్కించారు.

కవుల పేర్లలోనూ ఆ దేశీయత ఉంది. నన్నయ, తిక్కన, ఎర్రన, పెద్దన అన్నవి చివర ‘అయ్య’ గానీ ‘అన్న’ గానీ చేరి తయారైన పేర్లు. ఎర్ర, పెద్ద అచ్చతెలుగు మాటలు.

శాస్త్రం వేరే దారి చూపింది. పారస్కర గృహ్యసూత్రం ప్రకారం మగపిల్లవాడి పేరులో అక్షరాలు రెండు గానీ నాలుగు గానీ ఉండాలి. జ్యోతిషం 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 అక్షరాలు కేటాయించింది. అశ్విని మొదటి పాదంలో పుట్టినవాడి పేరు ‘చు’తో మొదలవ్వాలి. చాలా ఇళ్లలో ఆ నక్షత్రనామం బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో రాయడంతో సరి. లోకం పిలిచేది తాత పేరుతోనే. చిక్కల్లా కోడలికే వచ్చింది. మామగారి పేరు నోట పలకకూడదు, కన్నకొడుక్కేమో అదే పేరు. బుజ్జి, చంటి, నాని, చిన్నా, అబ్బాయి లాంటి ముద్దుపేర్లు అంతగా స్థిరపడడానికి ఇదో ముఖ్య కారణం.

పాత తరం పేర్లలో గొప్ప సంపద స్థలదేవతలది. పేరు వింటే మనిషిది ఏ సీమో చెప్పగలిగేవారు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు అంటే సింహాచలం దేవుడి నీడ, ఉత్తరాంధ్ర మనిషి. కోటయ్య, కోటేశ్వరరావు నరసరావుపేట దగ్గరి కోటప్పకొండవారు. పెంచలయ్యది నెల్లూరు సీమలోని పెంచలకోన. ఓబయ్య, ఓబులేసు, ఓబుల్‌రెడ్డి అహోబిల నరసింహుడి పేరిటివారు. ఆ దేవుడే యాదగిరిగుట్ట మీద యాదయ్యకు, యాదగిరికి పేరిచ్చాడు. వేములవాడ రాజన్న నుంచి రాజయ్య, రాజేశం వచ్చారు. తిరుమల మాత్రం ఎల్లలు దాటింది: వెంకయ్య, తిమ్మయ్య, శ్రీనివాసులు, ఏడుకొండలు అన్ని జిల్లాల్లోనూ ఉన్నారు.

అమ్మవార్ల పేర్లు కొడుకులకు రావడం మరింత విశేషం. పోచమ్మ వరంతో పుట్టినవాడు పోచయ్య, ఎల్లమ్మ పేరిటివాడు ఎల్లయ్య, మైసమ్మ బిడ్డ మైసయ్య. మేడారం జాతర సాగే ఓరుగల్లు ప్రాంతంలో సమ్మక్క, సారలమ్మల పేర్ల మీద సమ్మయ్యలు, సారయ్యలు వెలిశారు. మొక్కు మతం కూడా చూడలేదు. పాలకీడు దగ్గరి జానపహాడ్ దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో సైదులు, సైదిరెడ్డి పుట్టారు. నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో మస్తానయ్య, మస్తాన్‌రావు, రాయలసీమలో దస్తగిరి. ఒక పేరులో ఇంత సహజీవనం ఇమడడం తెలుగు సమాజం గర్వించదగ్గ సంగతి.

కొన్ని పేర్ల వెనక తల్లుల కన్నీళ్లున్నాయి. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో మళ్లీ కొడుకు పుడితే, మృత్యువు కన్ను పడకుండా వాణ్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తళ్ల మీద పొర్లించినవాడు పుల్లయ్య. పొరుగువారికిచ్చి పిడికెడు తవుడుకు తిరిగి కొనుక్కున్నవాడు తవిటయ్య, తవిటినాయుడు. శిశుమరణాలు ఎంత ఎక్కువో లెక్కలు చెప్పకముందే ఈ పేర్లు చెప్పాయి.

పేరు మర్యాదకు కొలత కూడా అయింది. ఇంట్లో మల్లయ్యగా పుట్టినవాణ్ని కులం చూసి ఊరు ‘మల్లిగాడు’ అంది. ఆ అవమానానికి ఎదురు నిలిచినవారిలో హైదరాబాద్ దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ ఒకరు. మాదరి భాగయ్యగా పుట్టిన ఆయన అగ్రవర్ణాల తోకలు రెండూ పేరులో చేర్చుకుని తలెత్తుకు తిరిగారు. పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి కులం తోకను తెంచేసి సుందరయ్య అయ్యారు. దారులు రెండైనా పోరాటం ఒక్కటే. క్రైస్తవం దేవదానం, ప్రభుదాసు, యేసురత్నం లాంటి కొత్త పేర్లను తెచ్చింది. బైబిల్‌లోని ఒక పేరు గుర్రం జాషువా వల్ల తెలుగు కవిత్వంలో శాశ్వతమైంది.

కాలం కూడా పేర్లు పెట్టింది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మీది అభిమానంతో సీమవాసులు పిల్లల్ని మన్రోలప్ప అన్నారు. లోకమాన్య తిలక్ 1920 ఆగస్టు 1న కన్నుమూస్తే, సరిగ్గా ఏడాదికి పశ్చిమ గోదావరిలో పుట్టిన బిడ్డ దేవరకొండ బాలగంగాధర తిలక్ అయ్యాడు. నాస్తికోద్యమకారుడు గోరా 1930లో పుట్టిన కొడుక్కి ఉప్పు సత్యాగ్రహం గుర్తుగా లవణం అని, 1939లో ప్రపంచయుద్ధం ముంచుకొస్తున్న వేళ పుట్టినవాడికి సమరం అని పేర్లు పెట్టారు. గాంధీ, బోస్, లెనిన్, స్టాలిన్ కూడా తెలుగు ఇళ్లలో సొంత పేర్లయ్యారు.

తర్వాత రమేశ్, సురేశ్, రాజేశ్‌ల తరం, దాని వెనక షిరిడీ, పుట్టపర్తి భక్తితో ‘సాయి’ చేరిన పేర్ల తరం వచ్చాయి. ఇప్పుడు విహాన్, ఆరవ్, రేయాంశ్‌ల వంతు. ‘రేయాంశ్’ అంటే విష్ణువు అంశ అని పేర్ల పట్టికలు చెబుతాయి గానీ, సంస్కృతంలో ‘రేయ’ అన్న మాటకు ఆ అర్థం లేదు. అర్థం కోసమే పేరు పెడుతున్నప్పుడు ఆ అర్థం నిజమా కాదా చూసుకోవడం న్యాయం. పట్టిక తెరిచే ముందు ఇంట్లో పెద్దవారిని, ముత్తాత పేరేమిటో, అది ఏ కొండ నుంచి వచ్చిందో ఒక్కసారి అడగండి.