ఒక్క గినీ తేడా

లండన్ నగరాన్ని ఊపేసిన గాయనిని సాగనంపడానికి ఒకే ఒక్క గినీ, అంటే ఆనాటి ఒక బంగారు నాణెం, సరిపోయిందట! 1728లో ఒపేరా కంపెనీ పెద్దలు ఫ్రాంచెస్కా కుజ్జోనికి ఇస్తామన్నదాని మీద సరిగ్గా ఒక గినీ ఎక్కువ వేసి పోటీ గాయని ఫౌస్తీనా బొర్దోనికి ఇస్తామన్నారు. ఫౌస్తీనాకన్నా తక్కువ పుచ్చుకోనని కుజ్జోని అప్పటికే బైబిలు మీద ప్రమాణం చేసి ఉంది. మాట తప్పలేక వెళ్లిపోయింది. పాత సంగీత చరిత్రకారులు చెప్పిన ఈ ముచ్చట చదివాక ఆ ఇద్దరి వెంటా పడ్డాను.

1726లో స్వరకర్త హాండెల్ వీళ్లిద్దరి కోసం ‘అలెస్సాండ్రో’ ఒపేరా కట్టాడు. అలెగ్జాండర్ మన దేశం మీదికి దండెత్తిన నాటి కథ; అతణ్ణి ఇద్దరు స్త్రీలు ప్రేమిస్తారు. ఎవరికీ వెలితి రాకుండా పాటలు లెక్క చూసి పంచాడు, ఇద్దరికీ కలిపి ఒక యుగళగీతమూ పెట్టాడు. కుజ్జోనిది కరుణ తొణికే విలంబం, ఫౌస్తీనాది మెరుపు వేగం.

1727 జూన్ 6న స్వరకర్త బొనోంచీని ఒపేరా ‘అస్తియానత్తే’ ఆడుతుండగా, యువరాణి కారొలైన్ కళ్లెదుటే, అభిమానులు రెండు వర్గాలై ఈలలతో కేకలతో రభస చేశారు. గాయనులిద్దరూ వేదిక మీదే సిగపట్లు పట్టారని ఇప్పటికీ రాస్తుంటారు. ఆ సిగపట్లు పుట్టింది ఎగతాళి కరపత్రాల్లో. అల్లరి చేసింది ప్రేక్షకులు, పేరు చెడింది గాయనులకు. ఆ తర్వాత హాండెల్ కొత్త ఒపేరాలు మూడింటిలో ఇద్దరూ కలిసే పాడారు. దాన్ని ఎవరూ తలుచుకోకపోవడం అన్యాయం.

నిజంగా పోయింది వాళ్ల కల్పన. ఆనాటి ఆరియాలో, అంటే ఒపేరాలోని ఒంటరి పాటలో, మొదటి భాగం మళ్లీ వచ్చేది. పల్లవికి సంగతులు వేసినట్టు గాయని అక్కడ తన సొంత విద్య చూపేది. కాగితం మీద ఉన్నది సగం పాటే, మిగతా సగానికి కర్త ఆమె. తరువాతి స్వరకర్తలు ఆ అలంకారాలూ తామే రాసిపెట్టి ఆ హక్కు లాగేసుకున్నారు. 1772లో వియన్నాలో సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ పాడమని అడిగితే, వృద్ధురాలైన ఫౌస్తీనా తన శక్తులన్నీ పోయాయంది.

ఆ పాటి హక్కయినా అన్ని చోట్లా దక్కలేదు: పోపుల ఏలుబడిలోని రోములో ఆడవాళ్లకు రంగస్థలమే నిషిద్ధం. వెనిస్‌లో మాత్రం 1644లోనే గాయని అన్నా రెంజీని కీర్తిస్తూ ఏకంగా పుస్తకమే అచ్చయింది.

వీళ్లెవరికీ దక్కని, గొంతు రికార్డుగా నిలిచే రోజులు చాలా తర్వాతి గాయని అడెలీనా పాటీకి దక్కాయి. రిహార్సళ్లకు రానని ఒప్పందాల్లో రాయించుకున్న మనిషి ఆమె. 1905లో, 62 ఏళ్ల వయసులో, వేల్స్‌లోని తన కోటకే గ్రామఫోన్ వాళ్లను రప్పించుకుంది. తన పాట తొలిసారి తానే విని, తాను పాటీని ఎందుకయ్యానో ఇప్పుడు తెలిసిందంటూ గ్రామఫోన్ గొట్టానికి ముద్దులు విసిరిందని, పక్కన పియానో వాయించిన లాండన్ రొనాల్డ్ చెప్పాడు.