ఆర్గన్ తిత్తులతో ఎగిరిన విమానం



పోయిన నెల మన సంఘం మీటింగుకు నేను ఒక సంచితో వచ్చింది కొందరు చూసే ఉంటారు. దాంట్లో ఉన్నది జాయ్‌స్టిక్. ఆ దావలోనే రిపేరుకిచ్చి, తీసుకొని వస్తున్నాను. పెద్దాయన ఒకరు సంచిలోకి తొంగి చూసి, "ఏమప్పా, ఈ వయసులో పిల్లకాయల ఆటా? అదీ మనుషుల్ని చంపే ఆటా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జవాబు మాత్రం నోటికి రాలేదు. పోదనూరు బస్సులో ఇంటికి పోయేటప్పుడు వచ్చింది. మామా, అదే ఇక్కడ రాస్తున్నాను. ఎప్పటిలాగే పొడుగైంది, ఓపిగ్గా చదవండి. నేను ఎస్.ఎస్.ఎల్.సి. దాకా తమిళంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు మన ఆదివారం క్లాసులో యాభై దాటాక నేర్చుకున్నాను. ఒత్తులు తప్పుంటే టీచరమ్మ దిద్దుతారు.

కథ ఒక ఆర్గన్ ఫ్యాక్టరీలో మొదలవుతుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో బింగ్‌హామ్‌టన్ అని ఒక ఊరు. అక్కడ లింక్ అనే కుటుంబం పియానోలు, సినిమా హాళ్లలో వాయించే పెద్ద ఆర్గన్లు చేసేది. ఆ ఇంటి కొడుకు ఎడ్విన్ లింక్, 1904లో పుట్టినవాడు. పిల్లవాడికి విమానం పిచ్చి. 1920లో 50 డాలర్లు కట్టి మొదటి పాఠానికి పోయాడు. ఆ కాలానికి అది పెద్ద మొత్తం. నేర్పించే కంపెనీ చార్లీ చాప్లిన్ అన్న సిడ్నీ చాప్లిన్‌ది. పైలట్ అతన్ని ఎక్కించుకొని గంటసేపు గిరికీలు కొట్టించి దించాడు. కుర్రవాడి చెయ్యి కంట్రోళ్ల మీద ఒక్కసారైనా పడలేదు.

ఆ మంట అతనికి ఆరలేదని నా ఊహ. పాఠానికి డబ్బులేనివాడు నేల మీదే నేర్చుకోవడానికి ఏదైనా ఉండాలని పట్టుబట్టి, 1927 నుంచి 1929 దాకా తండ్రి ఫ్యాక్టరీ కింది గదిలో కూర్చొని ఒక యంత్రం చేశాడు. పొట్టి రెక్కలు, పొట్టి తోక పెట్టిన చెక్క పెట్టె. లోపల ఒక సీటు, ఒక స్టిక్, కాళ్లకు రడ్డర్ పెడళ్లు. పెట్టె కింద ఆర్గన్లకు వాడే తోలు తిత్తులు.

ఇక్కడ మన రైల్వేవాళ్లకు ఒక మాట. పాత వ్యాక్యూమ్ బ్రేకు గుర్తుందా? ఇంజన్లో ఎజెక్టరు గొట్టంలో గాలిని లాగేస్తే 53 సెంటీమీటర్ల వ్యాక్యూమ్ నిలుస్తుంది, బ్రేకులు వదులుతాయి. గాలి లోపలికి దూరితే బ్రేకులు పట్టుకుంటాయి. గార్డు వ్యాన్‌లోని గేజి ముల్లు పడిపోతే ఎవరో గొలుసు లాగారనో, ఎక్కడో గొట్టం ఊడిందనో అర్థం. లింక్ పెట్టె పనిచేసింది ఈ సూత్రం మీదే. కరెంటు మోటారు ఒకటి గాలిని లాగుతూ ఉంటుంది. స్టిక్ ఎడమకు వంచితే ఒక వాల్వు తెరుచుకొని ఆ పక్క తిత్తిలో గాలి పోతుంది, తిత్తి ముడుచుకుంటుంది. ఎదుటి పక్క తిత్తి గాలి నింపుకొని లేస్తుంది. పెట్టె ఎడమకు వాలుతుంది. ముందుకు తోస్తే ముక్కు దిగుతుంది. కంప్యూటరు లేదు, పెట్రోలు లేదు. హార్మోనియం తిత్తి ఊదే మనిషి చూస్తే వెంటనే అర్థం చేసుకునే యంత్రం.

దీనికన్నా ముందు ప్రయత్నాలు లేకపోలేదు. 1910 ప్రాంతంలో ఫ్రాన్సులో ఆంత్వానెత్ కంపెనీవాళ్లు పీపాను రెండు ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి, శిష్యుణ్ణి పైన కూర్చోబెట్టి, కింద ఇద్దరు ముగ్గురు మనుషులు చేత్తో ఊపేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెక్కలు కత్తిరించిన విమానాలను నేల మీదే పరుగెత్తించి నేర్పించారు. అవి ఎగరలేవు కాబట్టి వాటికి పెంగ్విన్ అని పేరు.

లింక్ పెట్టెను మొదట ఎవరు కొన్నారో తెలుసా? ఎక్కువగా తిరునాళ్ల లాంటి వినోదం పార్కులవాళ్లు. పిల్లలు నాణెం వేసి ఊగే బొమ్మగా. మిలిటరీవాళ్లు దాన్ని బొమ్మగానే చూశారు. మీరు నా సంచిలోకి చూసినట్టే, మామా.

1934 ఫిబ్రవరిలో పరిస్థితి మారింది. అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ప్రైవేటు కంపెనీల తపాలా కాంట్రాక్టులు రద్దు చేసి, ఉత్తరాలు మోసే పని ఆర్మీ విమానాలకు అప్పగించాడు. చలికాలం, మంచు, రాత్రిపూట ప్రయాణం. ఆర్మీ పైలట్లు పగటి వెలుతురులో, నేలను చూస్తూ ఎగరడం నేర్చినవాళ్లు. మబ్బులోకి దూరితే మనిషి చెవి లోపలి సమతూకం మోసం చేస్తుంది. విమానం నిదానంగా ఒక పక్కకు వాలి సుడి తిరుగుతూ దిగుతుంటే, లోపలివాడికి నేరుగా పోతున్నట్టే ఉంటుంది. గేజీని నమ్మాలి, ఒంటిని నమ్మకూడదు. ఆ అలవాటు వాళ్లకు లేదు. కొన్ని వారాల్లోనే డజను మంది దాకా చనిపోయారు. పోయింది యుద్ధంలో కాదు, ఉత్తరాల మూటలు మోస్తూ. నేను పార్సిల్ ఆఫీసులో పన్నెండేళ్లు పనిచేశాను. ఆ లెక్క చదివినప్పుడు చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

అప్పుడు ఆర్మీకి లింక్ పెట్టె గుర్తొచ్చింది. చూపించడానికి రమ్మన్నారు. లింక్ రావలసిన రోజు నెవార్క్‌లో వాతావరణం బాగాలేదు, నేల కనపడలేదు. ఈ వాతావరణంలో ఎవడూ రాడని ఆఫీసర్లు లేచిపోబోతుంటే, ఆ మబ్బులోంచి లింక్ గేజీలు చూసుకుంటూ దిగాడు. ఇక వేరే డెమో ఎందుకు? ఆరు పెట్టెలకు ఆర్డరిచ్చారు, ఒక్కొక్కటి 3,500 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి పదివేలకు పైగా తయారయ్యాయి. ఐదు లక్షల మంది దాకా వాటిలో కూర్చొని నేర్చుకున్నారని లెక్క. పెట్టెకు మూత వేస్తే లోపల చీకటి, గేజీలు తప్ప ఏమీ కనపడవు. బయట బల్ల మీద మూడు చక్రాల చిన్న పరికరం ఒకటి, దాన్ని పీత అనేవారు. శిష్యుడు ఎగిరిన దారిని అది సిరాతో మ్యాపు మీద గీస్తుంది. నువ్వు సరిగ్గా పోయానని వాదించడానికి లేదు. కాగితం మీద గీత ఉంటుంది. మన ట్రైన్ రిజిస్టరులో టైము రాసినట్టు.

చంపే ఆట అన్నారు కదా. ఆ పెట్టె పుట్టింది నేర్చుకునేటప్పుడు జరిగే చావులు తగ్గించడానికి. అయినా మీ మాటలో నిజం లేదని అనను. ఆ ఐదు లక్షల మందిలో చాలామంది నేర్చుకొని పోయింది యుద్ధానికే.

ఇంద్రలాల్ రాయ్ అని కలకత్తా అబ్బాయి సంగతి చెప్పాలి. లండన్‌లో బడికి పోతున్నప్పుడు మొదటి యుద్ధం వచ్చింది. ఫ్లయింగ్ కోర్‌లో చేరబోతే కంటిచూపు చాలదని తిప్పి పంపారు. తన మోటారుసైకిల్ అమ్మి, పెద్ద కంటి డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకొని, చేరాడు. 1917 డిసెంబరులో విమానం కూలింది, చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి 40వ స్క్వాడ్రన్‌లో చేరి 1918 జూలైలో 13 రోజుల్లో పది విజయాలు సాధించాడు. జూలై 22న ఫ్రాన్సు మీద పోరులో పోయాడు. వయసు 19. డి.ఎఫ్.సి. పతకం చనిపోయాక వచ్చింది.

కంటిచూపు మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే నేనూ 1978లో ఎయిర్‌మన్ సెలక్షన్‌కు పోయాను. పరుగు పాసయ్యాను, రాతపరీక్ష పాసయ్యాను, గోడ మీది కింది వరస అక్షరాలు చదవలేకపోయాను. అమ్మడానికి నా దగ్గర మోటారుసైకిల్ లేదు. మా నైనా గ్యాంగ్‌మన్. "రైలు కూడా వేగంగానే పోతుంది లేరా" అన్నాడు. తరువాత రైల్వే క్లర్కునయ్యాను. కొన్నాళ్లు సూలూరు రోడ్ స్టేషన్లో డ్యూటీ. పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. టికెట్టు ఇస్తూ ఇస్తూ చెవి ఆకాశం మీదే ఉండేది. ఇప్పుడు అక్కడ తేజస్ విమానాలున్నాయి. శబ్దం విని మా ఆవిడ ఉలిక్కిపడుతుంది. నాకు మాత్రం కాఫీ తాగినట్టుంటుంది.

ఇక ఇంటి కంప్యూటరు సంగతి. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఆర్ట్‌విక్ అనే విద్యార్థి 1975లో తన థీసిస్‌గా కంప్యూటరు తెర మీద విమానంలోంచి కనపడే దృశ్యం గీసి చూపించాడు. 1980 ప్రాంతంలో యాపిల్ టూ కంప్యూటరుకు అది అమ్మకానికొచ్చింది. నాలుగు గీతలు నేల, ఒక గీత ఆకాశం అంచు. దాంట్లోనే మొదటి యుద్ధం నాటి పోరాటం కూడా పెట్టాడు. అంటే ఇంటి సిమ్యులేటరు పుట్టినప్పుడే పోరు కూడా పుట్టింది. 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. 1987లో ఎఫ్-16 మీద ఫాల్కన్ వచ్చింది. 1998 డిసెంబరులో వచ్చిన ఫాల్కన్ 4.0కు మాన్యువల్ దాదాపు ఆరు వందల పేజీలు, మా రైల్వే రూల్ బుక్కు దాని ముందు పల్చన. తప్పులతో వచ్చి కంపెనీ వదిలేసినా, ఆడేవాళ్లే రెండు దశాబ్దాలు కూర్చొని దాన్ని బాగుచేస్తూ వచ్చారు. 2001లో రష్యా నుంచి ఒలెగ్ మాడాక్స్ చేసిన ఇల్-2 వచ్చింది. 2006లో అన్ని భాగాలూ కలిపి 1946 పేరుతో ఇచ్చారు. నా గతి అదే. మనవడు వదిలేసిన కంప్యూటరు మీద అది కులాసాగా నడుస్తుంది.

నా సామాను చెబుతాను. పాత కంప్యూటరు. 19 అంగుళాల తెర. సెకండ్‌హ్యాండు జాయ్‌స్టిక్ ఒకటి. పిడిని మెలితిప్పితే రడ్డర్ తిరుగుతుంది, కాళ్ల పెడళ్లు వేరే కొనక్కరలేదు. మెలిక దగ్గర అరిగిపోయి విమానం దానంతటదే ఎడమకు పోయేది. సెట్టింగులో మధ్యలో కొంచెం చచ్చిన జాగా పెడితే సర్దుకుంది. చెయ్యి వణికే వయసు కాబట్టి, స్టిక్ మధ్యలో మెత్తగా, చివరలో గట్టిగా పనిచేసేలా కర్వు కూడా పెట్టుకున్నాను. ఇది ఎవరూ మొదట చెప్పరు. నెల పోయాక తెలిసింది. ఖరీదైన స్టిక్ కన్నా ఈ రెండు సెట్టింగులే నన్ను కాపాడాయి.

ఒక నెల పోరు జోలికే పోలేదు. ఎక్కడం, తిరగడం, దిగడం. దిగేటప్పుడు ఎత్తు తక్కువైతే ముక్కు పైకెత్తాలని చెయ్యి పోతుంది. ఎత్తితే వేగం పడిపోయి విమానం రాయిలా పడుతుంది. స్టిక్‌తో వేగం, థ్రాటిల్‌తో ఎత్తు. తలకిందులుగా ఉంది కదా? నలభై సార్లు కూలాక చేతికి అర్థమైంది. ముస్టాంగ్ లాంటి పెద్ద ఇంజన్ విమానమైతే పరుగు మొదలవగానే ఎడమకు లాగుతుంది. అసలు ముస్టాంగ్‌లో కూడా ఎగరేముందు రడ్డర్ ట్రిమ్ 6 డిగ్రీలు కుడికి పెట్టుకునేవారు.

తరువాత తుపాకీ. ఇక్కడ నా క్లర్కు బుద్ధి పనికొచ్చింది. గుండు సెకనుకు 800 మీటర్లు పోతుందనుకుందాం. శత్రువు 300 మీటర్ల దూరంలో అడ్డంగా గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. గుండు చేరేలోపు అతను యాభై మీటర్లకు పైగా ముందుకు పోయి ఉంటాడు. అంటే ఐదు విమానాల పొడుగు ముందు, ఖాళీ ఆకాశంలో కాల్చాలి. కాగితం మీద సులువు. తెర మీద నాకు రెండు నెలలు పట్టింది. చివరికి తెలిసింది ఏమంటే, అడ్డంగా పోయేవాణ్ణి కొట్టడానికి ప్రయత్నించకుండా, పైనుంచి వెనకకు దిగి, దగ్గరికి పోయి కాల్చడమే దారి. ఇది జర్మనీ పైలట్ ఓస్వాల్డ్ బోల్కె 1916లోనే నియమాలుగా రాసిపెట్టాడు. ఎత్తు నీ దగ్గర ఉంచుకో, సూర్యుణ్ణి వెనక పెట్టుకో, దగ్గర నుంచే కాల్చు. ఆ మనిషే అదే ఏడాది అక్టోబరు 28న పోరులో తన జట్టు విమానమే తగిలి పోయాడు.

చూపు సంగతి ఒకటుంది. పెద్ద తెరలూ, తల తిప్పితే దృశ్యం తిరిగే పరికరాలూ ఉన్నవాళ్లకు శత్రువు సులువుగా కనపడతాడు. నాకు స్టిక్ మీది బొటనవేలి బటనే తల. మామూలు వెబ్‌క్యామ్‌తో తల కదలిక పట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి మనవడు పెట్టిచ్చాడు. కళ్లద్దాల మీద ట్యూబ్‌లైటు మెరిస్తే అది తికమక పడుతుంది. దీపం ఆర్పి ఆడుతున్నాను. మా ఆవిడ తిట్లు వేరే.

మామా, మొదటిసారి శత్రు విమానం మంటలతో పడిపోయినప్పుడు నేను కుర్చీలో ఎగిరి గంతేశాను. ఆ వెంటనే అందులోంచి ఒక పారాషూట్ తెరుచుకుంది. చిన్న తెల్ల చుక్క. నేను దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, అది నేల చేరేదాకా చూసి ఇంటిదారి పట్టాను. ఆ రోజు ఇంద్రలాల్ రాయ్ గుర్తొచ్చాడు. అతనికి పారాషూట్ లేదు. ఆ యుద్ధంలో బ్రిటిష్ పైలట్లకు అది ఇవ్వలేదు. మీరడిగిన ప్రశ్నకు నా దగ్గరున్నది ఇంతే. ఆడకుండా ఉంటే నాకు ఈ సంగతి పట్టేది కాదు. ఆడుతున్నాను కాబట్టి మీ ప్రశ్న కూడా వదలడం లేదు.

ఇక పని మాట. సంఘం లైబ్రరీలో రెండు పాత కంప్యూటర్లను పాత సామానువాడికి వేసేయాలని తీర్మానం రాబోతోంది. పదో తరగతి, ప్లస్ టూ పిల్లలు నలుగురైదుగురు ఎన్.డి.ఎ. పరీక్షకు చదువుతున్నారని విన్నాను. అందులో ఇద్దరు ఆడపిల్లలు. పాఠానికి లక్షలు కట్టలేని ఇళ్లవి. ఒక కంప్యూటరు ఉంచండి, ఇల్-2 దాంట్లో నడుస్తుందో లేదో చూసి చెబుతాను. ర్యామ్ ఎక్కించాలంటే ఆ ఖర్చు నాది. వచ్చే ఆదివారం తెలుగు క్లాసు అయ్యాక, 4 గంటలకు, జాయ్‌స్టిక్ తెస్తాను. మామా, మీరూ రండి. ఒకసారి దిగడానికి ప్రయత్నించండి.