తుప్పుతోనే అమ్ముడుపోయే మజిల్ కార్లు

అమెరికాలో పెద్ద ఇంజిన్లు బిగించిన మజిల్ కార్ల తయారీ సుమారు పదేళ్లు సాగింది. 1964లో పాంటియాక్ తన మధ్యరకం టెంపెస్ట్ కారులో 389 ఘనపుటంగుళాల ఇంజిన్ దించి జీటీవో పేరుతో అమ్మింది. ఆ తరగతి కార్లలో 330 దాటిన ఇంజిన్ పెట్టకూడదన్నది మాతృసంస్థ జనరల్ మోటార్స్ నియమం. కొత్త మోడల్‌గా కాక, అదనంగా డబ్బు కట్టి తీసుకునే హంగుగా చూపించి పాంటియాక్ ఆ నియమాన్ని దాటేసింది. పోటీ కంపెనీలూ అదే బాట పట్టాయి. 1970 నాటికి షెవర్లే షెవెల్ ఎల్‌ఎస్6 ఇంజిన్ 450 హార్స్‌పవర్‌కు చేరింది. ఆ తరవాత బీమా ప్రీమియాలు పెరిగాయి, కాలుష్య నియమాలు బిగిశాయి, 1973లో చమురు సంక్షోభం తక్కిన పని పూర్తిచేసింది.

దాంతో ఇవి పెట్రోలు తాగే ఉత్త పాత బండ్లయ్యాయి. రేసులో ఇంజిన్ పగిలితే చేతికందిన మరొకటి బిగించి, అసలుదాన్ని తుక్కుకు వేసేవారు. ఆనాటికి అది తెలివైన పనే. ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్ల అడుగు రేకుల్ని తినేసింది. అరిజోనా ఎండల్లో నిలిచిన కారును అమ్మేవారు ఈనాటికీ ముందుగా ఆ రాష్ట్రం పేరు చెప్పడం అందుకే.

1980ల్లో గిరాకీ తిరిగొచ్చింది. కుర్రతనంలో కొనలేకపోయినవారి చేతుల్లో డబ్బు ఆడసాగింది. 1954లో మొదలైన హెమింగ్స్ మోటార్ న్యూస్ అనే ప్రకటనల పత్రిక అప్పటికే పాత కార్లకు పెద్ద అంగడి. ఆగిపోయిన విడిభాగాలను కొత్తగా పోతపోసి అమ్మేవారూ బయల్దేరారు. ధరలు ఎగబాకేకొద్దీ నకిలీలు పుట్టాయి. మామూలు షెవెల్‌కు ఖరీదైన ఎస్‌ఎస్ రకం గుర్తులు తగిలించడం కష్టమేమీ కాదు. 1970 షెవెల్ గుర్తింపు సంఖ్య అందులో వీ8 ఇంజిన్ ఉందని చెబుతుంది గానీ, అది ఎస్‌ఎస్ అవునో కాదో చెప్పదు. అక్కడే కాగితానికి విలువ వచ్చింది. ఫ్యాక్టరీలో ఏ కారుకు ఏవి బిగించాలో రాసిన పత్రం కొన్నిసార్లు సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు మీదనో ఉండిపోయేది. ఎలుకలు కొరికిన సీటును అమ్మేవాడు శుభ్రం పేరుతో పారేస్తే, కారు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే సాక్ష్యం కూడా చెత్తకుప్పకే పోతుంది. ఇంజిన్ దిమ్మె మీద చెక్కిన అంకెలు కారు సంఖ్యతో సరిపోలడమూ అంతే ముఖ్యమైంది. పాత ఇంజిన్లను తుక్కుకు వేసిన ఖరీదు అప్పుడు తెలిసొచ్చింది. గుర్తింపు సంఖ్యను తీసేయడం, మార్చడం 1984లో ఫెడరల్ నేరమైంది.

అమ్మకపు పద్ధతి దీంతో తిరగబడింది. పైపై రంగు కొట్టి అమ్మడం ఒకప్పుడు వ్యాపారపు తెలివి. ఇప్పుడది కింద ఏదో దాచినట్టు అనుమానం. సగం విప్పి అట్టపెట్టెల్లో సర్దిన కారు మరీ చౌక, ఏ మర పోయిందో ఎవరికీ తెలియదు గనక. ముట్టుకోని కారు ఎంత పలుకుతుందో 2020 జనవరిలో ఫ్లోరిడా వేలం చూపించింది. ‘బులిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్‌ను ఎన్నడూ పునరుద్ధరించలేదు. 1974లో 6,000 డాలర్లకు చేతులు మారిన ఆ కారుకు పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. నడిచే కారే అయినా, సినిమా పేరు కలిసొచ్చినా, గీతలూ సొట్టలూ ధరను తగ్గించలేదన్నది గమనించాల్సిన విషయం.

ఈ శతాబ్దంలో 1969 కమారో లాంటి కార్లకు పూర్తి రేకు బాడీలే కొత్తగా తయారవుతున్నాయి. అందుకని కుళ్లిన కారు కొనేవాడు డబ్బు కట్టేది ప్రధానంగా ఇంజిన్‌కు, కాగితాలకు, యాజమాన్య పత్రానికే. పాత సంఖ్య పలకను ఊడదీసి కొత్త బాడీకి తగిలిస్తే చట్టం ఒప్పుకోదు. అలా కట్టిన కారుకు చాలా రాష్ట్రాలు వేరే సంఖ్య ఇస్తాయి.